ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ: ముందు లెక్క, తర్వాతే షోరూమ్

ఇంటిల్లిపాదీ పట్టే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొనాలనుకుంటున్నవాళ్లు, ఈమధ్యే కొన్నవాళ్లు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. బ్యాటరీ సైజును కంపెనీలు కిలోవాట్ అవర్లలో చెబుతాయి. కరెంటు బిల్లులో యూనిట్ అంటే అదే కాబట్టి, ఇకనుంచి యూనిట్లనే రాస్తాం.

ప్రశ్న: బ్రోషర్‌లో 500 కిలోమీటర్ల రేంజి అని ఉంది. షోరూమ్‌లో 400 గ్యారంటీ అన్నారు. అదే కారు కొన్న స్నేహితుడు హైవే మీద 300 కూడా రావట్లేదంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ముగ్గురూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఆ కారు బ్యాటరీలో వాడుకోవడానికి 75 యూనిట్లు ఉన్నాయనుకోండి. దానికి 500 కిలోమీటర్లు రావాలంటే 100 కిలోమీటర్లకు 15 యూనిట్లే ఖర్చవ్వాలి. డబ్ల్యూఎల్‌టీపీ అనే ల్యాబ్ పరీక్షలో అలాగే వస్తుంది. ఆ పరీక్ష మొత్తం అరగంట, దూరం సుమారు 23 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 46.5 కిలోమీటర్లు. ఏసీ ఆపేసి ఉంటుంది.

ఊళ్లో ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని తిరిగితే ఈ సైజు కారు 100 కిలోమీటర్లకు 17, 18 యూనిట్లు తాగుతుంది. 75ని 18తో భాగించి వందతో హెచ్చిస్తే 416. షోరూమ్ వాళ్లు చెప్పింది ఇదే. హైవే మీద 120 వేగంతో పోతే 22 నుంచి 24 దాకా పోతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కదా, 90 నుంచి 120కి వెళితే అది ఒకటిముప్పావు రెట్లు అవుతుంది. ఎస్‌యూవీ ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఆ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. పైగా హైవే మీద ఎవరూ సున్నా దాకా నడపరు. నిండు చార్జ్‌తో బయలుదేరి 10 శాతం దగ్గర ఆగితే వాడింది 67.5 యూనిట్లు. 23 చొప్పున 293 కిలోమీటర్లు. మీ స్నేహితుడి లెక్క అక్కడికి వచ్చింది.

అసలు తెలుసుకోవాల్సింది రెండో విడత. దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర 80 శాతం దాకానే నింపుతారు కాబట్టి, తర్వాత చేతిలో ఉండేది 10 నుంచి 80 వరకు, అంటే 52.5 యూనిట్లు. అది సుమారు 230 కిలోమీటర్లు. మీరు తరచూ వెళ్లే దూరప్రయాణానికి ఈ అంకె సరిపోతే కారు సరిపోయినట్టే. బ్రోషర్ అంకె రెండు కార్లను పక్కపక్కన పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది. షోరూమ్‌లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: “ఈ బ్యాటరీ సైజు మొత్తమా, వాడుకోగలిగిందా?” కొన్ని కంపెనీలు మొత్తం సైజును పెద్ద అక్షరాల్లో వేసి, వాడుకోగలిగింది ఎక్కడో లోపలి పేజీలో చెబుతాయి.

ప్రశ్న: ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ ఉన్న మోడల్, ఎన్ఎంసీ బ్యాటరీ ఉన్న మోడల్ రెండూ చూశాం. ఏది మంచిది?

ఎల్ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. బరువెక్కువ, అంతే రేంజికి ఎక్కువ చోటు కావాలి. కానీ వేడికి తట్టుకుంటుంది, ఎక్కువసార్లు చార్జ్ చేసినా ఓపిగ్గా ఉంటుంది. బీవైడీ కంపెనీ కారు అట్టో 3లో ఉన్న 60.48 యూనిట్ల బ్లేడ్ బ్యాటరీ ఈ రకమే. ఎన్ఎంసీలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉంటాయి. అదే బరువులో ఎక్కువ శక్తి పడుతుంది, చలిలో మెరుగ్గా పనిచేస్తుంది. పెద్ద రేంజి మోడళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

వాడకంలో తేడా చార్జింగ్ అలవాటు దగ్గర వస్తుంది. ఎన్ఎంసీని రోజూ 80 శాతం దగ్గర ఆపి, ప్రయాణం ముందురోజు రాత్రి మాత్రమే 100కి పెట్టాలి. ఎక్కువ చార్జ్‌తో రోజుల తరబడి, అందులోనూ ఎండలో, నిలబెడితే త్వరగా అరుగుతుంది. ఎల్ఎఫ్‌పీకి వచ్చేసరికి సెల్ వోల్టేజీ మధ్యలో దాదాపు సమంగా ఉండిపోతుంది. అందువల్ల 40 శాతమో 60 శాతమో కారు కంప్యూటర్‌కి సరిగా అంతుపట్టదు. వారానికోసారి 100కి నింపితే లెక్క సరిచేసుకుంటుంది. నింపకపోతే ఒకరోజు మీటర్ మీద 12 శాతం ఉండగానే గబుక్కున 4కి పడిపోయే ఇబ్బంది రావచ్చు. బ్యాటరీ చెడిపోయిందని కంగారుపడకండి, లెక్క తప్పిందంతే.

ఏదైనా కొనండి, మాన్యువల్‌లో రోజువారీ పరిమితి ఎంత రాశారో అదే పాటించండి.

ప్రశ్న: కారుతోపాటు ఇచ్చిన పోర్టబుల్ చార్జర్‌ను ఇంట్లో మామూలు సాకెట్‌కి పెడుతున్నాం. గంటన్నర అయ్యాక ఆగిపోతోంది. ప్లగ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. చార్జర్‌లో లోపమా?

ఆ సాకెట్ వాడకం ఈరోజే ఆపేయండి. లోపం చాలా వరకు సాకెట్‌లోనే ఉంటుంది. ఇస్త్రీపెట్టె 10 ఆంపియర్లు లాగినా పావుగంటలో పని అయిపోతుంది. కారు అదే కరెంటును పది గంటలు ఆపకుండా లాగుతుంది. సాకెట్ లోపలి స్ప్రింగు వదులై, పిన్ను దగ్గర పదోవంతు ఓమ్ నిరోధం ఏర్పడితే చాలు, అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. చిన్నదేగా అనిపిస్తుంది. కానీ అదంతా గోరంత ఇత్తడి ముక్క మీద, ప్లాస్టిక్ డబ్బా లోపల, రాత్రంతా. ముందు ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత మెత్తబడుతుంది, ఆపైన నల్లబడుతుంది. మంచి చార్జర్ల ప్లగ్‌లోనే ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. మీది ఆగిపోయింది బహుశా దానివల్లే, అంటే చార్జర్ మిమ్మల్ని కాపాడింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతుంటే చెప్పక్కర్లేదు, అది ముందు తీసేయండి.

వేడి లేకుండానే ఎర్రలైటు వెలిగి ఆగిపోతుంటే ఎర్తింగ్ చూపించండి. ఎర్త్ సరిగా లేకపోతే చార్జర్ పని మొదలుపెట్టదు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఐదారు వోల్టులు, అంతకుమించి కనిపిస్తే ముందు దాన్ని సరిచేయాలి. ఎర్త్‌ను దాటవేసే అడాప్టర్లు అమ్ముతుంటారు. పిల్లలు తిరిగే ఇంట్లో అలాంటిది పెట్టడం ప్రాణాలతో చెలగాటం.

శాశ్వతంగా కావాలంటే మెయిన్ బోర్డు నుంచి కారుకే విడిగా ఒక లైను లాగించుకోండి. 32 ఆంపియర్ల గోడ చార్జర్‌కి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 40 ఆంపియర్ల ఎంసీబీ సాధారణంగా వాడతారు. దూరం 25, 30 మీటర్లు దాటితే 10 చదరపు మిల్లీమీటర్లకు వెళ్లడం మేలు. షాక్ నుంచి రక్షణకు, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. అయితే చార్జర్ లోపల 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉందో లేదో అడగండి. ఉంటే టైప్ ఏ చాలు, లేకపోతే టైప్ బీ కావాలి. మామూలు ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) రకం ఆర్‌సీసీబీ డీసీ లీకేజీకి మొద్దుబారిపోయి, అవసరమైనప్పుడు పడదు. ఇంటి మొత్తానికి ఎంత లోడు మంజూరైందో కూడా చూసుకున్నాకే పని మొదలుపెట్టించండి, లేకపోతే గీజరు వేసిన ప్రతిసారీ మెయిన్ పడిపోతుంది.

ఇక ఎంత చార్జర్ కావాలన్నది. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లంటే 2.3 కిలోవాట్లు. ఎనిమిది గంటల రాత్రికి, నష్టాలు పోను, బ్యాటరీలో 16 యూనిట్లు చేరతాయి. దాంతో 90 కిలోమీటర్లు తిరగొచ్చు. 32 ఆంపియర్లయితే 7.4 కిలోవాట్లు, అదే రాత్రికి 53 యూనిట్లు, 290 కిలోమీటర్లు. రోజుకి 40 తిరిగేవాళ్లకు చిన్నది చాలు, సాకెట్ మాత్రం మంచిది, దానికే కేటాయించినది ఉండాలి.

ప్రశ్న: 150 కిలోవాట్ల ఫాస్ట్ చార్జర్ అని రాసి ఉంది. మా కారు కూడా అంత తీసుకుంటుందన్నారు. తీరా పెడితే 60 దాటలేదు.

చార్జింగ్ మొదలుపెట్టినప్పుడు బ్యాటరీ ఎంత శాతం ఉంది? 65, 70 మీద ఉంటే 60 రావడం మామూలే. ఏ కారైనా ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ మింగుతుంది, నిండేకొద్దీ తగ్గించుకుంటుంది. 80 దాటాక మిగతా 20 శాతానికి పట్టే సమయం, అంతకుముందు 70 శాతానికి పట్టిన సమయంతో పోటీపడుతుంది. అందుకే 80 దగ్గర గన్ తీసి బయలుదేరమంటారు. వెనక వరుసలో ఉన్నవాళ్లూ సంతోషిస్తారు.

శాతం తక్కువగా ఉన్నా నెమ్మదిగానే వస్తే పక్క గన్ చూడండి. ఒకే చార్జర్‌కి రెండు గన్‌లుంటే ఇద్దరూ పంచుకోవాల్సి రావచ్చు. తర్వాతి అనుమానం చలి. బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు వేగంగా నింపితే లిథియం లోహంగా పేరుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి కారే తగ్గించుకుంటుంది. నావిగేషన్‌లో ఆ చార్జర్‌నే గమ్యంగా పెడితే చాలా కార్లు దారిలోనే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటాయి. మ్యాప్ ఫోన్‌లో చూసుకుంటూ వెళితే ఆ సంగతి కారుకి తెలియదు.

ఇంకోటి చాలామంది గమనించనిది: చార్జర్ మీద రాసిన ఆంపియర్లు. గన్ పరిమితి 300 ఆంపియర్లయితే, ఆ సమయంలో 360 వోల్టుల దగ్గరున్న బ్యాటరీకి వచ్చేది 108 కిలోవాట్లే. బోర్డు మీద 150 ఉన్నా అంతే. 800 వోల్టుల కార్లకు ఉన్న లాభం ఇక్కడే. హ్యుందాయ్ అయానిక్ 5ను 350 కిలోవాట్ల చార్జర్‌కి పెడితే 10 నుంచి 80కి 18 నిమిషాలని కంపెనీ చెప్పేది అందువల్లే. అయితే మీ దారుల్లో అంతటి చార్జర్లు లేకపోతే ఆ సౌకర్యానికి ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం.

ప్రశ్న: మేం ఆరుగురం. మూడు వరుసల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తీసుకుంటే పెద్దవాళ్లు మూడో వరుసలో కూర్చోగలరా?

కూర్చోగలరు, ఎంతసేపన్నదే ప్రశ్న. బ్యాటరీ నేల కింద పరుచుకుని ఉంటుంది కాబట్టి లోపలి నేల ఎత్తు పెరుగుతుంది. పైకప్పు ఆ మేరకు పెంచలేరు, అందుకని సీటును కిందికి దింపుతారు. ఫలితంగా మోకాళ్లు పైకి లేస్తాయి, తొడలకు ఆనిక ఉండదు, బరువంతా నడుము కింద పడుతుంది. పదినిమిషాలు బాగానే ఉంటుంది, గంటకి తెలుస్తుంది. పొడవు, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఎక్కువున్న కార్లలో ఈ బాధ తక్కువ. ఉదాహరణకు కియా ఈవీ9 పొడవు 5,010 మిల్లీమీటర్లు, వీల్‌బేస్ 3,100. పార్కింగ్ చోటు కూడా అంత ఉండాలి మరి.

చూసే పద్ధతి చెబుతాం. కుటుంబమంతా షోరూమ్‌కి వెళ్లండి. ముందు డ్రైవరు తన సీటు తనకి కావాల్సినట్టు సర్దుకోవాలి. ఆ వెనక ఒకరు కూర్చుని తమ సీటు సర్దుకోవాలి. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను మూడో వరుసలోకి ఎక్కించి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. రెండో వరుస సీటు కిందికి పాదాలు దూరుతున్నాయా, తల వెనక అద్దానికి దూరమెంత, ఏసీ గాలి నేరుగా వస్తోందా, ఎవరి సాయమూ లేకుండా దిగగలుగుతున్నారా చూడండి. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా వస్తుందో లేదో అడిగి కాగితం మీద చూపించమనండి. చిన్నపిల్లల సీటు ఉంటే అది తీసుకెళ్లి, దానికోసం కారులో ఉండే కొక్కేలకు, అంటే ఐసోఫిక్స్‌కి బిగించి చూడండి. బిగించాక చాలా కార్లలో ఆ రెండో వరుస సీటు ముందుకి వంగదు, మూడో వరుసకి దారి ఒకవైపు నుంచే మిగులుతుంది.

డిక్కీ మూడో వరుస లేపి ఉంచి చూడాలి. బ్రోషర్‌లో పెద్దగా వేసే లీటర్లు సాధారణంగా దాన్ని మడిచినప్పటివి. చార్జింగ్ కేబుల్ ఎక్కడ పెడతారో కూడా చూడండి. డిక్కీ నేల కింద అరలో పెట్టి, పైన ఆరుగురి సామాను పేరిస్తే, దారిలో కేబుల్ కావాల్సివచ్చినప్పుడు రోడ్డు పక్కన సామానంతా దింపుకోవాలి. బానెట్ కింద చిన్న అర ఉన్న కారులో ఈ గొడవ లేదు.

బరువు లెక్క కూడా ఉంది. ఈ కార్లు మోయగలిగింది సుమారు 450 నుంచి 600 కిలోలు. ఆరుగురు సగటున 65 కిలోలనుకుంటే 390. కారు పరిమితి 450 అయితే సామానుకి మిగిలింది 60 కిలోలు. కచ్చితమైన అంకె డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదో, కారు పత్రాల్లోనో ఉంటుంది.

ప్రశ్న: ట్రాఫిక్‌లో ఏసీ వేస్తే రేంజి పడిపోతోంది, హైవే మీద పెద్దగా తేడా లేదు. ఎందుకని?

ఏసీ తినేది గంటల లెక్కన, మీరు చూసేది కిలోమీటర్ల లెక్కన. ఏసీ గంటకి ఒకటిన్నర యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. గంటకి 20 కిలోమీటర్లే కదిలితే 100 కిలోమీటర్లకు ఏసీ వాటా 7.5 యూనిట్లు. 100 వేగంతో పోతే అదే ఒకటిన్నర. ఎండలో నిలిపిన కారును చార్జర్‌కి తగిలించి ఉండగానే, బయలుదేరే ముందు యాప్ నుంచి చల్లబరచుకుంటే ఆ కరెంటు బ్యాటరీలోంచి పోదు. చలి ప్రాంతాల్లో ఉండేవాళ్లు హీట్ పంప్ ఉన్న మోడల్ చూసుకోవాలి. మామూలు హీటర్ ఒక యూనిట్‌కి ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. హీట్ పంప్ అనుకూలమైన వాతావరణంలో రెండు, మూడు యూనిట్ల వేడి తెస్తుంది.

ప్రశ్న: ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చార్జ్ మంచులా కరిగిపోతోంది. దిగేటప్పుడు తిరిగి వస్తుందంటారు, నిజమేనా?

కొంత వస్తుంది. మనుషులతో కలిపి 2,400 కిలోల కారును వెయ్యి మీటర్ల ఎత్తుకి లేపడానికి ఆరున్నర యూనిట్లు కావాలి. మోటారు నష్టాలతో ఏడు పైచిలుకు. మామూలుగా నడవడానికయ్యే ఖర్చు దీనికి అదనం. దిగేటప్పుడు ఆ ఆరున్నరలో సుమారు నాలుగు వెనక్కి రావచ్చు. కాబట్టి ఎక్కేముందు వెయ్యి మీటర్లకు పది శాతం చేతిలో పెట్టుకుని లెక్కేసుకోండి. కొండ మీద బస చేసినప్పుడు మాత్రం 100కి నింపి కిందికి దిగొద్దు. నిండిన బ్యాటరీకి కరెంటు పోసే చోటుండదు, రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం) పనిచేయదు, అలవాటు ప్రకారం పెడల్ వదిలితే కారు ఆగదు. 85, 90 దగ్గర ఆపుకోండి.

ప్రశ్న: పెట్రోల్ కారులో ఎప్పుడూ లేనిది, ఈ కారులో వెనక కూర్చున్న పిల్లలకు వాంతులవుతున్నాయి.

రీజెన్ తగ్గించండి. పెడల్ మీంచి కాలు తీసిన ప్రతిసారీ కారు వెనక్కి లాగినట్టు ఆగుతుంటుంది, వెనక సీట్లో తల ఊగిపోతుంది. ఇంజిన్ మోత లేదు కాబట్టి రాబోయే కుదుపు చెవికి ముందే తెలియదు. కనిష్ఠ స్థాయిలో పెట్టి, మామూలు కారులా బ్రేకు వాడండి. చాలా కార్లలో బ్రేకు పెడల్ తొక్కినా ముందు రీజెన్‌తోనే ఆగుతుంది, నష్టం స్వల్పం.

ప్రశ్న: రెండు మోటార్ల మోడల్ అవసరమా?

మంచు, బురద, ట్రైలర్ లాగడం మీ దినచర్యలో లేకపోతే అక్కర్లేదు. ఆ డబ్బు పెద్ద బ్యాటరీకి పెట్టండి.

ప్రశ్న: పదిరోజులు ఊళ్లో లేం. వచ్చేసరికి పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉన్నా కారు ఉలకలేదు, పలకలేదు. తలుపులు కూడా తెరుచుకోలేదు.

చచ్చింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్చులు (కాంటాక్టర్లు అంటారు) ఈ చిన్నదాని కరెంటుతోనే మూసుకుంటాయి. అది లేకపోతే గోదాము నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్టే. నిలిపి ఉంచినప్పుడు కెమెరాలు కాపలా కాసే సౌకర్యం ఆన్‌లో ఉన్నా, యాప్ తెరిచి పదేపదే కారును లేపుతున్నా, డ్యాష్‌క్యామ్ నేరుగా తగిలించినా ఇది జరుగుతుంది. మాన్యువల్‌లో చూపించిన చోట 12 వోల్టుల బూస్టర్ పెడితే లేస్తుంది. ఈ కారుతో మరో కారుకి జంప్ స్టార్ట్ ఇవ్వడం మాత్రం చాలా కంపెనీలు వద్దంటాయి.

ఇదే అవస్థ మనుషులు లోపలుండగా వస్తే? ఎలక్ట్రానిక్ బటన్‌తో తెరుచుకునే తలుపులకు చేత్తో లాగే మెకానికల్ లివర్ విడిగా ఉంటుంది. ముందు తలుపులకు సులువుగానే దొరుకుతుంది. వెనక తలుపులకు కొన్ని కార్లలో తలుపు జేబు అడుగున మ్యాట్ కిందో, స్పీకర్ జాలీ వెనకో దాచినట్టు పెట్టారు, కొన్నిటికి అసలు లేదు. కొనేముందు దాన్ని చూపించమని అడగండి. కొన్నాక ఇంట్లో అందరిచేతా ఒకసారి లాగించండి.

ప్రశ్న: ఇంజిన్ ఆయిల్ లేదు కదా, సర్వీసులో ఇక చేసేదేముంది?

టైర్లు. రెండు టన్నులు దాటిన బరువు, పెడల్ తొక్కగానే వచ్చే టార్క్ (చక్రాలను తిప్పే బలం) కలిసి టైర్లను త్వరగా అరగదీస్తాయి. పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి బిగించండి. కొత్తవి వేసేటప్పుడు స్టిక్కరు మీదున్న లోడ్ ఇండెక్స్‌కి తగ్గకూడదు, సైజు ఒక్కటే చూసి చౌకవి వేస్తే బరువు మోయలేవు. చాలా మోడళ్లలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ ఇస్తారు. అది గుచ్చుకున్న మేకుకి పనికొస్తుంది, పక్కగోడ చిరిగితే పనికిరాదు. అప్పుడు కారును ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి. చక్రాలు నేల మీద తిరుగుతుండగా తాడు కట్టి లాగితే మోటారు జనరేటర్‌లా కరెంటు పుట్టించి పాడైపోవచ్చు.

బ్రేకులు తక్కువ వాడకంతో చెడతాయి. డిస్కు తుప్పు పడుతుంది, కాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. వారానికోసారి, వెనక వాహనం లేనప్పుడు, కాస్త గట్టిగా నాలుగైదుసార్లు తొక్కండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలని చాలా కంపెనీలు చెబుతాయి. కూలెంట్ మాత్రం బయట దొరికేది పోయించకండి. కొన్ని కార్ల బ్యాటరీ లైనులో విద్యుత్తు సరిగా ప్రవహించని ప్రత్యేక రకం వాడతారు.

ప్రశ్న: మూడేళ్లు వాడిన కారు తక్కువకి వస్తోంది. బ్యాటరీ సంగతి ఎలా తెలుస్తుంది?

బ్యాటరీ ఆరోగ్యం శాతం రాసిన రిపోర్టు సర్వీస్ సెంటర్ నుంచి తెమ్మనండి. చాలా కంపెనీల వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఆలోగా సామర్థ్యం 70 శాతానికి తగ్గకూడదన్నది షరతు. ఆ వారంటీ రెండో యజమానికి బదిలీ అవుతుందా, లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. రిపోర్టు ఇవ్వనంటే మీరే కొలవొచ్చు. 80 శాతం నుంచి 30 దాకా నడిపి, ట్రిప్ మీటర్‌లో ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో చూసి రెట్టింపు చేయండి. కొత్తప్పుడు వాడుకోగలిగింది 75 అయితే, ఇప్పుడు 68 వస్తే 90 శాతం ఉన్నట్టు. రెండు మూడు శాతం అటూఇటూ అవుతుంది, పరవాలేదు.

తర్వాత కారును లిఫ్ట్ ఎక్కించి కింద టార్చి వేసి చూడండి. బ్యాటరీ పెట్టె అడుగున నొక్కు, పగులు, కొత్తగా వేసిన రంగు, బురద చారలు కనిపిస్తే బేరం ఆపేయండి. బ్యాటరీ పెట్టె ఐపీ67 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం, అదీ సీలు చెక్కుచెదరనప్పుడు. కింద రాయి తగిలి సొట్టపడ్డ పెట్టెకి ఆ హామీ ఉండదు.